తుపాకీ చట్టం ఓటును కదిపిందా? లెక్క తీసే పద్ధతి

అమెరికాలో ఎన్నికలు వచ్చినప్పుడల్లా, తుపాకీ నియంత్రణ కోరిన అభ్యర్థిని తుపాకీలున్నవాళ్లు ఓడిస్తారన్న మాట వినిపిస్తుంది. కొన్నిచోట్ల అది నిజం, చాలాచోట్ల కాదు. ఫలానా నియోజకవర్గంలో ఏం జరిగిందో తేల్చాలంటే ఫలితం ఒక్కటే చూస్తే సరిపోదు.

ముందుగా సర్వే ఎవరిని లెక్కపెట్టిందో చూడండి. ‘మీకు సొంత తుపాకీ ఉందా’ అన్న ప్రశ్న వేరు, ‘ఇంట్లో తుపాకీ ఉందా’ అన్నది వేరు. ప్యూ రీసెర్చ్ సెంటర్ 2023 సర్వేలో సొంతంగా ఉందన్నవాళ్లు 32 శాతం. ఇంట్లో ఎవరికో ఒకరికి ఉన్నా చాలనుకుంటే 40 శాతం దాటుతుంది. రెండో లెక్కలో, తుపాకీ అంటే గిట్టకపోయినా భర్త దగ్గర ఒకటున్న భార్య కూడా చేరిపోతుంది.

అడిగింది పెద్దవాళ్లందరినా, నమోదైన ఓటర్లనా అన్నదీ ముఖ్యమే. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు తుపాకీ కొనుక్కోవచ్చు కానీ ఫెడరల్ ఎన్నికల్లో ఓటు వెయ్యలేరు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకైతే వేట లైసెన్సు లాంటి మినహాయింపులు తప్ప తుపాకీ ఉంచుకునే వీలే లేదు. ప్యూ సర్వేలో ఆసియా మూలాలవాళ్లలో సొంత తుపాకీ ఉన్నవాళ్లు 10 శాతం. ఆ అంకెను తెచ్చి డల్లాస్ తెలుగువాళ్లకో, అట్లాంటా తెలుగువాళ్లకో అంటగట్టకండి.

కౌంటీలవారీగా ఎన్ని తుపాకీలున్నాయో చెప్పే ఫెడరల్ రిజిస్టరు లేదు. అలాంటిది పెట్టకూడదని 1986 చట్టమే అంటోంది. అందుకని కొందరు ఎన్ఐసీఎస్ (తుపాకీ కొనేవాళ్ల నేరచరిత్ర లాంటివి చూసే ఫెడరల్ వ్యవస్థ) చేసే బ్యాక్‌గ్రౌండ్ చెక్‌ల సంఖ్యను వాడతారు. ఒక చెక్ అంటే ఒక తుపాకీ అమ్ముడైనట్టు కాదు. పర్మిట్ ఉన్నవాళ్లను పదేపదే చెక్ చేసే కెంటకీ లాంటి రాష్ట్రాల్లో ఆ అంకె విపరీతంగా పెరిగి కనిపిస్తుంది.

ఆ తర్వాత పార్టీని లెక్కలోంచి తీసెయ్యాలి. అన్నిటికంటే ఎక్కువమంది తప్పేది ఇక్కడే. ఆ ప్యూ సర్వేలోనే రిపబ్లికన్లు, అటు మొగ్గేవాళ్లలో 45 శాతానికి సొంత తుపాకీ ఉంది, డెమొక్రాట్ల వైపు 20 శాతానికే. పల్లెల్లో 47, నగరాల్లో 20. కాబట్టి తుపాకీ ఉన్నవాళ్లను, లేనివాళ్లను నేరుగా పోలిస్తే తేలేది పార్టీ, ఊరు. తుపాకీ ప్రభావం కాదు. ఒకే పార్టీలో, ఒకే రకం ఊళ్లో ఉన్నవాళ్లను రెండుగా విడదీసి పోల్చండి. అలా విడదీశాక ఒక్కో గుంపులో వందమందే మిగిలితే పొరపాటుకు అవకాశం ఇటు పది, అటు పది పాయింట్లు. నాలుగైదు పాయింట్ల తేడాను అప్పుడు పట్టించుకోకండి.

అభ్యర్థి వైఖరిని ప్రకటనల్లో వెతక్కండి, సభలో వేసిన ఓట్లలో చూడండి. తుపాకీ హక్కుల సంఘం ఎన్ఆర్ఏ అభ్యర్థులకు ఇచ్చే గ్రేడు (‘ఎ’ అంటే తుపాకీ హక్కులకు అనుకూలం, ‘ఎఫ్’ అంటే వ్యతిరేకం) వాడితే అది ఏ ఏడాదిదో రాసుకోండి. కాంగ్రెస్‌లో ఉన్నప్పుడు ‘ఎ’ తెచ్చుకున్న మిన్నెసోటా డెమొక్రాట్ టిమ్ వాల్జ్‌కు తర్వాత ‘ఎఫ్’ వచ్చింది. ‘ఎక్యూ’ అంటే ప్రశ్నాపత్రానికి ఇచ్చిన జవాబులను బట్టి వేసిన గ్రేడు, ఓటు చరిత్ర లేదన్నమాట.

ఇక ఓటర్ల పట్టుదల. బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లను తుపాకీలున్నవాళ్లలో కూడా ఎక్కువమంది ఒప్పుకుంటారు. అయినా కొలరాడోలో మ్యాగజైనుకు 15 తూటాల పరిమితి, ప్రైవేటు అమ్మకాలకు కూడా బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లు తెచ్చాక, 2013 సెప్టెంబరు 10న జాన్ మోర్స్, ఏంజెలా హిరాన్ అనే ఇద్దరు రాష్ట్ర సెనేటర్లు రీకాల్ ఎన్నికలో (పదవీకాలం మధ్యలోనే ఓటర్లు దించేసే ఎన్నిక) పదవి పోగొట్టుకున్నారు. హిరాన్‌ది డెమొక్రాట్ల బలమున్న ప్యూబ్లో. ఆ ఎన్నికకు బ్యాలట్లు ఇంటికి పంపలేదు, పోలింగ్ కేంద్రానికి వెళ్లి వెయ్యాల్సిందే. అలాంటప్పుడు కోపమున్నవాళ్లు వెళ్తారు, చట్టం బాగానే ఉందనుకున్నవాళ్లు ఇంట్లోనే ఉండిపోవచ్చు. అందుకే గెలుపు శాతానికి ముందు పోలింగ్ శాతం చూడండి.

అభ్యర్థికి పడ్డ ఓట్లను, బ్యాలట్ ప్రశ్నకు (ఓటర్లే నేరుగా తేల్చే చట్ట ప్రతిపాదనకు) పడ్డ ఓట్లను పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకా స్పష్టమవుతుంది. 2016లో హిల్లరీ క్లింటన్ మెయిన్ రాష్ట్రాన్ని గెలిచారు. అదే రోజు అక్కడ బ్యాక్‌గ్రౌండ్ చెక్‌ల ప్రతిపాదన ఓడింది. నెవాడాలో అలాంటిదే కొద్ది తేడాతో నెగ్గింది, అదీ లాస్ వేగస్ ఉన్న క్లార్క్ కౌంటీ ఒక్కటే గట్టెక్కించడం వల్ల. కౌంటీలవారీగా అభ్యర్థి శాతంలోంచి ప్రతిపాదన శాతం తీసెయ్యండి. పార్టీని దాటి పడ్డ ఓటు ఎక్కడెక్కడుందో బయటపడుతుంది.

చివరగా ఎదురు పరీక్ష. 2013 ఏప్రిల్ 17న బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లను విస్తరించే మాంచిన్–టూమీ సవరణ అమెరికా సెనేట్‌లో 54–46తో ఆగిపోయింది, కావాల్సినవి 60. వద్దన్న డెమొక్రాట్లలో ప్రయర్, బెగిచ్ 2014లో ఓడారు. సరేనన్న హేగన్, లాండ్రూ కూడా ఆ ఏడాదే ఓడారు. ఒక్క ప్రయర్‌నో, ఒక్క హేగన్‌నో చూపించి కథ అల్లితే రెండూ తప్పుతాయి.

ఈ పద్ధతిని సాధన చెయ్యడానికి మెయిన్ రెండో జిల్లా (ప్రతినిధుల సభ నియోజకవర్గం) బాగుంటుంది. 2023లో లూయిస్టన్‌లో 18 మంది హతమయ్యాక, అక్కడి ప్రతినిధి, డెమొక్రాట్ జారెడ్ గోల్డెన్ మనసు మార్చుకుని అసాల్ట్ ఆయుధాల నిషేధానికి మద్దతిచ్చారు. 2024లో గెలిచారు, ఆధిక్యం మాత్రం ఒక పాయింటు లోపే. దీన్ని 2022తో కాకుండా 2020తో పోల్చండి, ఎందుకంటే అప్పుడూ బ్యాలట్‌లో ట్రంప్ ఉన్నారు. ఆ ఏడాది గోల్డెన్ ఆధిక్యం సుమారు 6 పాయింట్లు. తగ్గినదంతా తుపాకీ ఖాతాలో రాయకండి, ప్రత్యర్థి కూడా మారారు. ఊరూరి ఫలితాలు తీసి, 2016 ప్రతిపాదనను గట్టిగా తిప్పికొట్టిన ఊళ్లలోనే తగ్గుదల ఎక్కువగా ఉందేమో చూడండి. అక్కడా ఇక్కడా సమానంగా తగ్గితే కారణం ఇంకెక్కడో ఉంది.