ఆసుపత్రిలో ప్రార్థన చేసే ముందు
క్రైస్తవులు కాని, వేరే మతం స్నేహితులు జబ్బుపడితే చూడ్డానికి వెళ్ళినప్పుడు, "మీ కోసం ప్రార్థన చేయమంటారా?" అని ముందు అడగండి. వద్దంటే ముఖం చిన్నబుచ్చుకోకుండా తెచ్చిన పండ్లు ఇచ్చి, కాసేపు కబుర్లు చెప్పండి. సరేనంటే మెల్లగా, రెండు నిమిషాల్లో ముగించండి. పక్క మంచాల వాళ్ళూ రోగులే కదా. తప్పకుండా నయమవుతుందని మాటివ్వకండి. మందులు మానమని అసలే అనొద్దు. వాళ్ళ దేవుళ్ళ గురించి తేలిగ్గా మాట్లాడకండి. బైబిల్లో 1 పేతురు 3:15 చెప్పేది కూడా అడిగినవాళ్ళకి సాత్వికంగా జవాబివ్వమనే. అడిగితే మాత్రం దాచుకోకండి, యేసు మీకేమిటో మీ సొంత మాటల్లో చెప్పండి. ఇంకొకటి: వాళ్ళ జబ్బు సంగతి వాళ్ళని అడక్కుండా ఆదివారం చర్చిలో ఇచ్చే సాక్ష్యంలో చెప్పకండి, సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టకండి.