రెండు పాత్రల్ని పోల్చమంటే ఎక్కడ తప్పుతోంది? 'రాజు-పేద'తో సమస్య - పరిష్కారం

మార్క్ ట్వేన్ 1881లో ప్రచురించిన నవలకు నండూరి రామమోహనరావు తెలుగు చేసిన పుస్తకం 'రాజు-పేద'. పాత్రల్ని పోల్చడం నేర్పడానికి ఇది భలే అనువైన కథ. ఒకే రోజు పుట్టి, అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్న ఇద్దరు కుర్రాళ్లు సరదాగా బట్టలు మార్చుకుంటారు. లండన్‌లో ఆఫల్ కోర్ట్ అనే మురికివాడ పిల్లాడు టామ్ కాంటీ రాజభవనంలో చిక్కుకుంటాడు. యువరాజు ఎడ్వర్డ్ వీధిన పడతాడు. 7 నుంచి 9 తరగతుల వరకు హాయిగా చెప్పుకోవచ్చు. అయినా జవాబు పత్రాలు దిద్దేటప్పుడు ఏటా అవే తప్పులు కనిపిస్తాయి. వాటిలో సగానికి పైగా మనం ప్రశ్న అడిగిన తీరులోంచే పుడతాయి.

టామ్ గురించి ఒక పేరా, ఎడ్వర్డ్ గురించి ఒక పేరా. పోలిక ఎక్కడా లేదు

కారణం: "టామ్, ఎడ్వర్డ్ పాత్రలను పోల్చండి" అని వదిలేశాం. దేన్ని బట్టి పోల్చాలో చెప్పలేదు. దాంతో పిల్లాడు తనకు తెలిసిన కథంతా రెండు ముక్కలుగా అప్పజెప్పాడు.

పరిష్కారం: నోట్‌బుక్‌ని అడ్డంగా తిప్పి మూడు గడులు గీయించండి. ఎడమ గడి టామ్‌కి, కుడి గడి ఎడ్వర్డ్‌కి. మధ్యలో సన్నటి గడి 'అంశం'. ముందు నింపాల్సింది ఆ మధ్య గడినే. అంశం రాయకుండా పక్క గడుల్లో కలం పెట్టకూడదు. మొదటిసారి నాలుగు అంశాలు చాలు: కొత్త చోట మొదటి రోజు, తన మాట ఎవరూ నమ్మనప్పుడు, కళ్లముందు అన్యాయం జరిగినప్పుడు, పట్టాభిషేకం రోజు.

రెండు వలయాలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయే బొమ్మ చాలామందికి ఇష్టం. చార్టు మీద చూడ్డానికి బాగుంటుంది గానీ, మొదటి పాఠానికి అది పనికిరాదు. ఎడమవైపు "తండ్రి దొంగ" అని, కుడివైపు "మంచి బట్టలున్నాయి" అని రాసి పూర్తయిందనుకుంటారు. ఆ రెండూ ఒకదానికొకటి జవాబు కావు. పట్టిక రాయడం అలవాటయ్యాక వలయాల జోలికి వెళ్లండి.

"ఒకడు పేద, ఒకడు ధనిక" దగ్గరే ఆగిపోతున్నారు

అట్ట మీద కనిపించే తేడా అది. దాన్ని దాటించాలంటే ఇద్దరినీ ఒకే ఇబ్బందిలో నిలబెట్టి చూపించాలి.

అందుకు మంచి ఘట్టం 'నమ్మనప్పుడు' అన్న అంశంలోనే ఉంది. భవనంలో టామ్ "నేను యువరాజుని కాను" అంటాడు. వీధిలో ఎడ్వర్డ్ "నేనే యువరాజుని" అంటాడు. ఇద్దరూ చెప్పేది నిజమే. ఇద్దరికీ మతి చలించిందనే అందరూ అనుకుంటారు. ఇక్కడిదాకా పోలిక. ఇక భేదం చూడండి: టామ్ 'పిచ్చి' గురించి ఎవరూ నోరెత్తకూడదని రాజాజ్ఞ వెలువడుతుంది. వేళ్లు కడుక్కోమని తెచ్చిన పన్నీరు తాగేసినా ఎవరూ నవ్వరు. ఎడ్వర్డ్ 'పిచ్చి'కి మాత్రం దెబ్బలూ వెక్కిరింపులూ దక్కుతాయి. పిచ్చి ఒకటే, మరి మర్యాద ఎందుకు మారింది? ఈ ప్రశ్న అడిగి, జవాబు చెప్పకుండా రెండు నిమిషాలు ఊరుకోండి. "బట్టల్ని బట్టి" అని ఎవరో ఒకరు అంటారు. నవల గుట్టు అక్కడే ఉంది.

విశేషణాల జాబితా: మంచివాడు, ధైర్యవంతుడు, దయగలవాడు

కారణం: 'పాత్ర స్వభావం' అనగానే గైడులో చదివిన మాటలు గుర్తొస్తాయి. ఆధారం అడిగే అలవాటు తరగతిలో లేదు.

పరిష్కారం: మొదటి పీరియడంతా విశేషణాలు బంద్. క్రియలు మాత్రమే రాయాలి, అంటే ఏం చేశాడు, ఏం అన్నాడు. ఆరు చీటీల మీద ఆరు పనులు, చేసిన వాడి పేరు లేకుండా రాసి పంచండి. ఉదాహరణకు: పేద కుర్రాణ్ణి కొట్టిన కాపలావాణ్ణి మందలించాడు. రాజముద్రతో కాయలు పగలగొట్టాడు. మంత్రగత్తె అని నేరం మోపిన తల్లినీ తొమ్మిదేళ్ల కూతుర్నీ విడిపించాడు. ఎవరు చేశారో చెప్పాక రెండో ప్రశ్న వేయండి: "రెండోవాడు ఆ చోట ఉంటే ఇదే చేసేవాడా? ఎందుకు?" ఈ రెండో ప్రశ్నే అసలు పాఠం. విశేషణాలు రెండో పీరియడ్‌లో వస్తాయి, అదీ పేజీ నంబరుతో కలిపి.

టామ్ హీరో, ఎడ్వర్డ్ పొగరుబోతు

ఇది మన డబుల్ యాక్షన్ సినిమాల ప్రభావం. ఒకేలా ఉన్న ఇద్దరు కనబడితే చాలు, ఒకడు అమాయకుడు, రెండోవాడు గడుసువాడు అయి తీరాలని పిల్లలు ముందే ఖాయం చేసుకుంటారు. ఉపన్యాసం ఇస్తే ఇది పోదు. ఎదురు ఆధారం వెతికించాలి. ఎడ్వర్డ్ అసలు బయటికి ఎందుకు పరిగెత్తాడు? టామ్ చేతి మీద కమిలిన దెబ్బ చూసి, ఆ కాపలావాడి సంగతి తేల్చడానికి. అంటే కష్టాలు పడకముందే అతనిలో జాలి ఉంది. మరోవైపు టామ్, ఊరేగింపులో గుర్తుపట్టి దగ్గరికొచ్చిన కన్నతల్లిని ఎవరో తెలియదనేస్తాడు. వెంటనే సిగ్గుతో కుంగిపోతాడనుకోండి, అన్నమాట మాత్రం అన్నదే.

మొదట్లో ఎలా ఉన్నాడో చివరిదాకా అలాగే ఉన్నట్టు రాస్తున్నారు

ప్రతి పాత్రకూ మూడు చోట్ల గుర్తు పెట్టించండి: బట్టలు మార్చుకోకముందు, కథ నడుమ, పట్టాభిషేకంలో. టామ్ మొదట బెంబేలెత్తి, నడుమ దర్జా మరిగి, చివర్లో తనే మోకరిల్లి అసలు రాజు పక్షాన నిలబడతాడు. ఎడ్వర్డ్ పట్టుదల ఎక్కడా సడలదు, మారేది లోకం గురించిన అతని ఎరుక. తన దేశపు చట్టాలు ఎంత క్రూరమైనవో, తనతో చెరసాలలో దయగా ఉన్న ఇద్దరు స్త్రీలను సజీవదహనం చేసినప్పుడు తెలుస్తుంది. (చిన్న తరగతుల్లో ఈ ఘట్టం చదివి వినిపించే ముందు ఆలోచించండి.) ఒకడిలో ప్రవర్తన మారింది, ఇంకొకడిలో అవగాహన మారింది. ఈ తేడా పట్టుకున్న జవాబుకి ధారాళంగా మార్కులు వేయొచ్చు.

ఆలోచన ఉంది, వాక్యం కుదరడం లేదు

ప్రతి వాక్యంలోనూ 'కానీ' వస్తుంది. పేరాకి ఒక్క 'కానీ' అని షరతు పెట్టి, నల్లబల్ల మీద ఇవి రాసి ఉంచండి: 'టామ్ లాగే ఎడ్వర్డ్ కూడా', 'ఇద్దరిదీ ఒకటే', 'టామ్ మాత్రం', 'అదే ఎడ్వర్డ్ అయితే', 'అంతకంటే'.

ఇంకో పొరపాటు తెలుగులోనే వస్తుంది. ఎడ్వర్డ్ "వెళ్లారు, అన్నారు" అవుతాడు, టామ్ "వెళ్లాడు, అన్నాడు" దగ్గరే ఉంటాడు. ఎర్ర సిరాతో కొట్టేయకండి. క్రియలు ఎందుకలా మారాయో వాళ్లనే అడగండి. రాజభవనంలో అందరూ చేసిన పనే తామూ చేశామని వాళ్లకే తెలుస్తుంది. తర్వాత ఇద్దరికీ ఏకవచనమే వాడమనండి.

నవల మొత్తం చదవలేదు

అలాంటివాళ్లకు నాలుగు ఘట్టాలు చాలు: ద్వారం దగ్గర కలుసుకోవడం, టామ్ మొదటి భోజనం, ఎడ్వర్డ్ క్రైస్ట్స్ హాస్పిటల్ (పేరుకే హాస్పిటల్, నిజానికి దిక్కులేని పిల్లల ఆశ్రమం) పిల్లల చేతికి చిక్కడం, పట్టాభిషేకం. ఒక్కోటి గట్టిగా చదివి వినిపించి, వెంటనే పట్టికలో ఒక వరుస నింపించండి. పదికి మార్కులు వేసేటప్పుడు అంశానికి 2, ఇద్దరికీ చూపిన ఆధారాలకు 4, 'ఎందుకంటే' తర్వాత రాసినదానికి 4.