డాక్టరుతో మాట్లాడటం - 3వ పాఠం: మొదటి రెండు నిమిషాలు

పోయిన పాఠంలో కన్సల్టేషన్ దశలు చూశాం. బ్రిటన్‌లో బర్న్, లాంగ్ అనే ఇద్దరు పరిశోధకులు, డాక్టర్ల గదుల్లోని సంభాషణల టేపులు విని 1976లో ఆరు దశలుగా విడదీశారు: పలకరింపు, వచ్చిన కారణం, ప్రశ్నలూ పరీక్షా, జబ్బు గురించి ఆలోచన, చికిత్స, ముగింపు. ఈ పాఠమంతా రెండో దశ గురించే. అక్కడ చెప్పకుండా వదిలేసింది తర్వాత బయటపడటం కష్టం.

ఈ సంభాషణ చూడండి.

"ఏంటి సమస్య?"
"మోకాలు నొప్పండి..."
"ఎన్నాళ్ల నుంచి?"

ఇక ప్రశ్నలన్నీ మోకాలి మీదే. మందులు రాయడం అయిపోయింది. రోగి తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు: "అన్నట్టు డాక్టర్‌గారూ, మెట్లెక్కుతుంటే ఛాతీ పట్టేసినట్టుంటోంది."

అన్నిటికన్నా ముందు రావలసిన మాట చివర వచ్చింది. దాన్ని నిర్లక్ష్యం అనలేం. భయపెట్టే మాట నోటిదాకా రావడానికి టైమ్ పడుతుంది. ఆ టైమ్ దొరకడం లేదు. 1984లో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే పరిశోధకులు అమెరికాలో గమనిస్తే, రోగి మొదలుపెట్టిన సగటున 18 సెకన్లకే డాక్టరు మధ్యలో అందుకున్నాడు. ఆగిన మాటను మళ్లీ ఎత్తుకుని పూర్తిచేసినవాళ్లు దాదాపు లేరు. నిజానికి పూర్తిగా విన్నా పెద్దగా ఆలస్యం కాదు. 2002లో స్విట్జర్లాండ్‌లో డాక్టర్లు అడ్డు రాకుండా విన్నప్పుడు, రోగులు సగటున 92 సెకన్లలో తమంతట తామే ముగించారు.

డాక్టర్లు మారాలి, నిజమే. ఈలోగా మన చేతిలో ఉన్నది ఇది: ముందు లెక్క చెప్పండి, తర్వాత పేర్లు, వివరాలు ఆఖర్న.

"మూడు విషయాలున్నాయండి. మెట్లెక్కితే ఛాతీ పట్టేస్తోంది, మోకాలు నొప్పి, నిద్ర పట్టట్లేదు. మొదటిదానికే టెన్షన్‌గా ఉంది."

'మూడు' అని వినగానే, ఇంకా చెప్పాల్సినవి ఉన్నాయని డాక్టరుకు తెలుస్తుంది. దేనికి ఎంత టైమ్ ఇవ్వాలో ఆయనే చూసుకుంటారు. అయినా మధ్యలో ప్రశ్న వస్తే, "చెప్తానండి, మిగతా రెండూ ఒక్క మాటలో చెప్పేస్తాను" అనండి. మర్యాదకేమీ లోటు రాదు.

అభ్యాసం: మీ బాధలన్నీ కాగితం మీద రాయండి. చెప్పడానికి ఏది జంకుగా ఉందో దాన్ని పైకి తెచ్చి, ఇంట్లో ఎవరికైనా గట్టిగా చదివి వినిపించండి. నిమిషం దాటితే వివరాలు తగ్గించండి, బాధల లెక్క మాత్రం తగ్గించకండి.