సింగపూర్ చైనాటౌన్: కొత్తగా వచ్చిన తెలుగువాళ్లకి

సింగపూర్ వచ్చిన కొత్తలో మనవాళ్ల కాళ్లు లిటిల్ ఇండియా వైపే లాగుతాయి. కందిపప్పు, కరివేపాకు, ఇడ్లీ రవ్వ అన్నీ అక్కడే దొరుకుతాయి కాబట్టి అందులో వింతేమీ లేదు. చైనాటౌన్‌ని మాత్రం ఊరి నుంచి చుట్టాలొచ్చినప్పుడు ఫోటోలు తీయించే చోటుగా పక్కన పెట్టేస్తారు. కానీ ఈ దేశంలో అన్నిటికంటే పాత హిందూ గుడి ఉన్నది చైనాటౌన్‌లోనే. స్టాళ్ల లెక్కన ఊళ్లోకెల్లా పెద్ద హాకర్ సెంటర్ (చిన్న చిన్న తిండి స్టాళ్లన్నీ ఒకే కప్పు కింద ఉండే చోటు) కూడా అక్కడే. ఉద్యోగం రాఫిల్స్ ప్లేస్, తాంజోంగ్ పగార్ వైపైతే మధ్యాహ్నం భోజనానికి నడిచి వెళ్లగలిగే దూరం. అందుకే దీన్ని చూసొచ్చే చోటుగా కాక వాడుకునే పేటగా తెలుసుకుంటే మేలు.

రైలు, దారి

లిటిల్ ఇండియా స్టేషన్ నుంచి ఊదా లైను (నార్త్ ఈస్ట్), నీలం లైను (డౌన్‌టౌన్) రెండూ చైనాటౌన్‌కి వెళ్తాయి. పొరబడేది ఇక్కడే. ఊదా లైను ఎక్కితే ధోబీ ఘాట్, క్లార్క్ కీ, ఆ తర్వాత చైనాటౌన్, అంటే మూడో స్టేషన్. నీలం లైను బుగిస్, బేఫ్రంట్ మీదుగా చుట్టు తిరిగి ఏడో స్టేషన్‌గా అక్కడికే చేరుతుంది. పంగోల్, సెంగ్‌కాంగ్ వైపు ఉండేవాళ్లకి ఊదా లైను నేరుగా సరిపోతుంది. ఉడ్‌లాండ్స్ వైపు నుంచి వచ్చేవాళ్లు 2022 నవంబరులో తెరిచిన మాక్స్‌వెల్ స్టేషన్‌లో (గోధుమ రంగు థామ్సన్ లైను) దిగితే మేలు.

చైనాటౌన్ స్టేషన్‌లో ఎగ్జిట్ ఏ పట్టుకుని పైకొస్తే పగోడా స్ట్రీట్. ఆ వీధి చివరిదాకా నడిస్తే సౌత్ బ్రిడ్జ్ రోడ్డు, ఆ మూలనే మారియమ్మన్ గుడి. చూడాల్సినవి చాలావరకు ఈ రోడ్డు మీదే వరుసగా ఉంటాయి: ముందు జామే మసీదు, తర్వాత మారియమ్మన్ గుడి, ఆ తర్వాత బుద్ధుడి దంత మందిరం, దాని ఎదురుగా మాక్స్‌వెల్ ఫుడ్ సెంటర్. ఒక కొస నుంచి ఇంకో కొసకి పది నిమిషాల నడక చాలు. మసీదు పక్కది మాస్క్ స్ట్రీట్, గుడి పక్కది టెంపుల్ స్ట్రీట్. పగోడా స్ట్రీట్‌కి ఆ పేరొచ్చింది కూడా చైనా పగోడా వల్ల కాదు, మన అమ్మవారి గుడి గోపురం వల్లే.

ఈ పేట 1822లో, సింగపూర్‌ని బ్రిటిష్ రేవుగా స్థాపించిన రాఫిల్స్ వేయించిన పట్టణ ప్రణాళికలో చైనీయులకు కేటాయించిన భాగం. ఇళ్ల ముందు కప్పు ఉన్న నడవా ఉండాలన్నది కూడా ఆనాటి నియమమే. దాన్ని ఫైవ్ ఫుట్ వే అంటారు. ఎండకీ వానకీ గొడుగు అక్కర్లేదు, కానీ ప్రతి దుకాణం ముందు గచ్చు ఒకే ఎత్తులో ఉండదు. ఇక్కడ ఒక మెట్టు ఎక్కాలి, అక్కడ అర మెట్టు దిగాలి. ఫోన్ చూస్తూ నడిచేవాళ్లు పడేది ఇక్కడే. వాన తడికి పాత పలకలు జారతాయి. పిల్లల బండి ఉంటే నడవా వదిలేసి, బళ్లు తిరగని పగోడా స్ట్రీట్, ట్రెంగాను స్ట్రీట్ మధ్యలో నడవండి.

గుళ్లు

శ్రీ మారియమ్మన్ గుడిని 1827లో నారాయణ పిళ్లై స్థాపించారు. మొదట కర్ర, తాటాకు పాక లాంటిది. ఇటుక కట్టడం 1843 నాటిది. మధ్యాహ్నం గుడి మూసేస్తారు కాబట్టి ఉదయమో, సాయంత్రం ఆరు దాటాకో వెళ్లాలి. పర్యాటకుల గుంపులో కలిసి మిట్టమధ్యాహ్నం వచ్చి తలుపు చూసి తిరిగెళ్లేవాళ్లు చాలామంది. లోపల ద్రౌపదీ అమ్మవారి సన్నిధి ఉంది. దీపావళికి ముందు జరిగే నిప్పుల గుండం ఆ అమ్మవారి ఉత్సవమే. ఆ రాత్రి సెరంగూన్ రోడ్డులోని శ్రీనివాస పెరుమాళ్ గుడి నుంచి భక్తులు ఊరేగింపుగా ఇక్కడికి వస్తారు. దారిలో రోడ్లు మూస్తారు, బస్సులు దారి మళ్లిస్తారు. కియాంగ్ సైక్ రోడ్డులో లయన్ సిద్ధి వినాయకర్ గుడి (1925) ఉంది. చిన్నదే, జనం తక్కువ. ఆఫీసుకి పోతూ ఓ నమస్కారం పెట్టుకోవడానికి అనువుగా ఉంటుంది.

బుద్ధుడి దంత మందిరం పాతదిలా కనిపిస్తుంది కానీ 2007లో తెరిచారు. ప్రవేశం ఉచితం. సాయంత్రం ఐదుకల్లా మూసేస్తారు. భుజాలు, మోకాళ్లు కప్పుకుని వెళ్లాలి, లేకపోతే గుమ్మం దగ్గర కప్పుకోవడానికి గుడ్డ ఇస్తారు. మాంసాహారం లోపలికి తీసుకెళ్లకూడదు, మాక్స్‌వెల్‌లో పొట్లం కట్టించుకుని ఇటు రావద్దు. దంతం ఉన్న నాలుగో అంతస్తులో చెప్పులు విప్పాలి, ఫోటోలు తీయకూడదు. పైన డాబా మీద తోట, పెద్ద ప్రార్థనా చక్రం ఉన్నాయి. చాలామంది కిందే చూసి వెళ్లిపోతారు, లిఫ్టులో పైదాకా వెళ్లండి.

అసలైన పాత చైనా గుడి చూడాలంటే తెలోక్ అయర్ స్ట్రీట్‌కి నడవాలి. తియాన్ హాక్ కెంగ్ 1839–42 మధ్య కట్టినది, మేకులు వాడకుండా కర్రకి కర్ర బిగించి నిలబెట్టారు. సముద్రాన్ని కాచే మాజూ అమ్మవారిది. ఇప్పుడు చుట్టూ ఆకాశహర్మ్యాలే గానీ, ఆ రోజుల్లో సముద్రం ఆ వీధి అంచుదాకా ఉండేది. ఓడ దిగినవాళ్లు ముందు అక్కడే మొక్కుకునేవారు. అదే వరుసలో తమిళ ముస్లింలు కట్టిన నాగూరు దర్గా (1828–30) కూడా ఉంది. చైనా గుళ్లలో గడప ఎత్తుగా ఉంటుంది, దాన్ని తొక్కకుండా దాటి వెళ్లాలి.

తిండి: ఇక్కడే జాగ్రత్త

స్మిత్ స్ట్రీట్‌లోని చైనాటౌన్ కాంప్లెక్స్ రెండో అంతస్తులో రెండు వందలకు పైగా స్టాళ్లు. ఒకప్పుడు వీధుల్లో అమ్మినవాళ్లని 1983లో ఈ భవనంలోకి మార్చారు. మాక్స్‌వెల్ పేరు ఎక్కువ, క్యూ కూడా ఎక్కువే. మా సలహా ఏమిటంటే చైనాటౌన్ కాంప్లెక్స్‌కి వెళ్లండి. స్టాళ్లు రంగుల వారీగా విడదీసి ఉంటాయి, మొదటిసారి దారి తప్పడం మామూలే. సెలవులు ఏ స్టాల్‌వి దానివే, సోమ మంగళవారాల్లో ఎక్కువ మూసి ఉంటాయి. పేరున్న స్టాల్‌లో సరుకు అయిపోతే మధ్యాహ్నం రెండుకే తలుపు వేసేస్తారు.

పద్ధతి ఇలా ఉంటుంది. ముందు చోటు పట్టాలి. ఖాళీ బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెడితే ఆ చోటు మీది, దీన్నే చోప్ చేయడం అంటారు. ఎవరిదో ప్యాకెట్ ఉంటే మీరు కూర్చోకూడదు. బల్ల నంబరు గుర్తు పెట్టుకుని క్యూలో నిలబడండి. పెద్దవాళ్లని అంకుల్, ఆంటీ అంటే చాలు. "హ్యావింగ్ హియర్" అంటే ప్లేటులో ఇస్తారు, "దాపావ్" అంటే పొట్లం కడతారు, డబ్బాకి ఇరవై ముప్పై సెంట్లు అదనం. తిన్నాక ట్రే, గిన్నెలు, వాడిన టిష్యూలు అన్నీ ట్రేల ర్యాక్‌లో పెట్టాలి. 2021 సెప్టెంబరు నుంచి ఇది చట్టం: మొదటిసారి హెచ్చరిక, మళ్లీ దొరికితే 300 డాలర్ల జరిమానా. హలాల్ ట్రేలకి వేరే ర్యాక్ ఉంటుంది, బోర్డు చూసి పెట్టండి.

డబ్బు సంగతి. చాలా స్టాళ్లలో క్రెడిట్ కార్డు నడవదు. నగదు కానీ, పేనౌ (ఫోన్‌తో బ్యాంకు ఖాతా నుంచి చెల్లించే పద్ధతి) స్కాన్ కానీ కావాలి. పేనౌకి సింగపూర్ బ్యాంకు ఖాతా ఉండాలి కాబట్టి వర్క్ పాస్ వచ్చి ఖాతా తెరిచేదాకా రెండు, ఐదు, పది డాలర్ల నోట్లు జేబులో ఉంచుకోండి. హాకర్ సెంటర్‌లో బోర్డు మీద రాసినంతే ధర. పక్క వీధి రెస్టారెంట్లలో మెనూ మీద రెండు ప్లస్ గుర్తులుంటే 10 శాతం సర్వీస్ ఛార్జీ, దాని మీద 9 శాతం జీఎస్టీ పడతాయి. 20 డాలర్ల వంటకానికి మీరిచ్చేది 23.98. టిప్పు ఇవ్వక్కర్లేదు.

శాకాహారులకి ఇంకా వివరంగా చెప్పాలి. "వెజిటబుల్" అన్నది "వెజిటేరియన్" కాదు. కూరగాయల నూడుల్స్ అడిగితే కూరగాయలే వేస్తారు, కానీ పులుసు కోడి ఎముకలదో ఎండు నెత్తళ్లదో అయివుంటుంది. వేయించిన క్యాబేజీలో ఎండు రొయ్యలు, ఆకుకూరల మీద ఆయిస్టర్ సాస్, చార్ క్వే తియావ్ నూడుల్స్‌లో పంది కొవ్వు మామూలు. క్యారెట్ కేక్ అని రాసి ఉంటే అందులో క్యారెట్టూ లేదు, కేకూ లేదు. ముల్లంగి, బియ్యప్పిండి ముక్కల్ని గుడ్డుతో వేయిస్తారు. యోంగ్ తావ్ ఫూ స్టాల్‌లో టోఫు, బెండకాయ, కాకరకాయ అందంగా పేర్చి ఉంటాయి, వాటి కడుపులో ఉన్నది చేప ముద్ద. కోడిమాంసం పక్కన పెట్టి చికెన్ రైస్‌లో అన్నం మాత్రమే తింటామన్నా కుదరదు, ఆ అన్నం వండేదే కోడి పులుసులో. కాయా టోస్ట్‌లో పూసే కొబ్బరిపాల జాములో గుడ్డు ఉంటుంది.

కాబట్టి మీరు వెతకాల్సింది "素" అన్న అక్షరం. ఫోన్‌లో దాని ఫోటో దాచుకోండి. అది ఉన్న స్టాల్ బౌద్ధ శాకాహారం వండుతుంది. ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు, అందుకే మనకు కాస్త చప్పగా అనిపిస్తుంది. మిరపకాయ పచ్చడి అడిగి కలుపుకోండి. అక్కడి బోర్డు మీద బాతు, చేప, పంది అని రాసి ఉంటే కంగారు పడకండి, అవి సోయా, గోధుమ గ్లూటెన్, పుట్టగొడుగులతో చేసినవి. గుడ్డు మాత్రం కొందరు వాడతారు, అడగాలి. ఉదయం పూట శాకాహార బీ హూన్ (బియ్యం సేమ్యా) స్టాళ్లు తెరుస్తారు. గాజు వెనక ఉన్నవాటిలో కావలసినవి వేలితో చూపిస్తే సేమ్యా మీద వేసి లెక్క కట్టి చెప్తారు. దంత మందిరం బేస్‌మెంట్‌లో కూడా శాకాహార భోజనశాల ఉంది. గొడ్డుమాంసం తిననివాళ్లు ప్రతిచోటా అడిగి తెలుసుకోవాలి. గ్వాన్‌యిన్ అమ్మవారిని కొలిచే చైనీయుల్లో చాలామంది కూడా అది తినరు, కాబట్టి ఆ ప్రశ్న వాళ్లకి కొత్త కాదు.

కాఫీ చెప్పే తీరు: కోపీ అంటే కండెన్స్‌డ్ పాలతో, కోపీ ఓ అంటే పాలు లేకుండా చక్కెరతో, కోపీ సీ అంటే చిక్కటి ఎవాపరేటెడ్ పాలతో. చివర కోసాంగ్ చేరిస్తే చక్కెర వద్దని, సియూ దాయ్ అంటే తీపి తక్కువని, పెంగ్ అంటే ఐసు వేయమని. మన ఫిల్టర్ కాఫీకి దగ్గరగా రావాలంటే "కోపీ సీ సియూ దాయ్" అడగండి.

బజారు

చైనాటౌన్ కాంప్లెక్స్ బేస్‌మెంట్‌లో తడి మార్కెట్ (తాజా చేపలు, మాంసం, కూరగాయలు అమ్మే సంత) ఉంది. తెల్లవారి వెళ్తేనే సరుకు బాగుంటుంది, పదకొండు దాటితే సర్దేస్తుంటారు. బతికున్న చేపలు కనిపిస్తాయి, వాసన గట్టిగా ఉంటుంది. చూడలేనివాళ్లు కూరగాయల వైపే ఉండిపోవచ్చు. కాంగ్‌కాంగ్ పేరుతో తూటికూర, బాయం పేరుతో తోటకూర, బీరకాయ, బూడిద గుమ్మడి దొరుకుతాయి. ధర బోర్డు కిలోకా, 100 గ్రాములకా చూసుకోవాలి. పెద్దవాళ్లు కాటీ అంటే దాదాపు 600 గ్రాములు. నేల ఎప్పుడూ తడే, పట్టున్న చెప్పులు వేసుకోండి.

దురియన్ పండు తొక్కతో సహా తూస్తారు. కోసి చూపించాకే డబ్బివ్వండి, గింజ పెద్దదై గుజ్జు పల్చగా ఉంటే మార్చమనొచ్చు. దాన్ని ఎంఆర్‌టీ రైల్లోకి తేనివ్వరు, అక్కడే తినేయాలి. రైల్లో ఏం తిన్నా తాగినా 500 డాలర్ల దాకా జరిమానా ఉంటుంది.

డాలర్లు మార్చుకోవడానికి పీపుల్స్ పార్క్ కాంప్లెక్స్‌లో వరుసగా కౌంటర్లు ఉంటాయి. మొదటిదాని దగ్గరే ఆగకుండా నాలుగైదు అడిగి చూడండి, చేతికి వచ్చే మొత్తం ఎంతో చెప్పమనండి. పగోడా స్ట్రీట్‌లో అయస్కాంతాలు, కీ చైన్ల బేరానికి ఎక్కువ సమయం పెట్టక్కర్లేదు. చైనా మందుల దుకాణాల్లో మూలికలు కొనేటప్పుడు బీపీ, షుగర్ మందులు వాడుతుంటే ముందే చెప్పాలి. కొన్ని మందుల్లో జంతువుల భాగాలుంటాయి, అదీ అడగాలి.

పండగలప్పుడు

చైనా కొత్త సంవత్సరం జనవరి 21, ఫిబ్రవరి 20 మధ్య వస్తుంది. ముందు కొన్ని వారాలు వీధులన్నీ దీపాలు, రాత్రి బజార్లు. చూడాలంటే పనిరోజు సాయంత్రం వెళ్లండి, శనాదివారాల్లో కదలలేరు. పండగ మొదటి రెండు రోజులూ సెలవు, హాకర్ స్టాళ్లలో చాలావాటికి ఆ వారమంతా తాళమే. హాస్టల్‌లోనో గదిలోనో ఉంటూ బయట తినేవాళ్లు ముందే సరుకులు తెచ్చిపెట్టుకోవాలి.

చైనీస్ సహోద్యోగి ఇంటికి పిలిస్తే రెండు మాండరిన్ నారింజలు తీసుకెళ్లి రెండు చేతులతో ఇవ్వండి. వాళ్ల పిల్లలకి ఎర్ర కవరులో డబ్బు పెట్టాలంటే ఒకటి గుర్తుంచుకోండి. మనం 101, 501 అని చివర ఒకటి చేరుస్తాం, వాళ్ల లెక్కలో సరి సంఖ్యే శుభం. 8 మంచిది, 4 వద్దు. నోట్లు కొత్తవై ఉండాలి. తెల్ల కవరు చావు ఇంటికి ఇచ్చేది. అన్నంలో చాప్‌స్టిక్స్ నిలువుగా గుచ్చడం కూడా చనిపోయినవాళ్లకి పెట్టే పద్ధతి, బల్ల దగ్గర అలా చేయకూడదు.

చైనా పంచాంగం ఏడో నెలలో, అంటే ఆగస్టు సెప్టెంబరుల్లో, పితృదేవతలకు పూజలు. ఫుట్‌పాత్ అంచున అగరొత్తులు, పళ్లు, అన్నం పెట్టి ఉంటాయి, డబ్బాల్లో కాగితపు డబ్బు కాలుస్తుంటారు. పక్కకి తప్పుకుని నడవాలి, కాలు తగలనివ్వకూడదు. వీధిలో వేదిక కట్టి పాటల కచేరీ పెడితే ఎవరైనా నిలబడి చూడొచ్చు. ముందు వరుస కుర్చీలు ఖాళీగా కనిపించినా కూర్చోవద్దు, అవి వచ్చే ఆత్మల కోసం వదిలినవి.