ఎడిటింగ్ అయ్యాక కూడా పుస్తకంలో తప్పులా?

"పుస్తకంలో తప్పులున్నాయంటున్నారు" అని ఎవరైనా వస్తే నేను ముందు అడిగేది ఒక్కటే: మీరు కాక ఇంకెవరు చదివారు? "నేనే పదిసార్లు చదివాను" అంటారు. రాసినవాళ్ల కన్ను కాగితం మీదున్నది చదవదు, మనసులో ఉన్నది చదువుతుంది. వందసార్లు చదివినా అంతే. ఎడిటర్‌కి ఇవ్వండి. దయచేసి ఈ ఒక్క మెట్టు దాటేయకండి.

సమస్య: తప్పుల్లేవు, కానీ మధ్యలోనే ఆపేశామంటున్నారు

ప్రూఫ్ దిద్దించి, అదే ఎడిటింగ్ అనుకున్నారు. ప్రూఫ్‌రీడర్ అక్షరం చూస్తారు. మూడో అధ్యాయంలో చెప్పిందే ఏడులో మళ్లీ వచ్చిందని పట్టుకునేది ఎడిటర్. ముందు ఎడిటింగ్, పేజీలు కట్టాక ప్రూఫ్. వరస తిరగబడితే దిద్దించిన పేజీలే తర్వాత కొట్టేయాల్సొస్తుంది.

సమస్య: మంచి ఎడిటరే చూశారు, అయినా తప్పులు

నేను బాగా దెబ్బతిన్నది ఇక్కడే. ఫైలు ఎడిటర్ దగ్గర్నుంచి వచ్చాక మీరేం మార్చారో గుర్తు చేసుకోండి. "ఏమీ మార్చలేదండీ, ఒక్క పేరే" అంటారు. ఆ ఒక్క పేరే కొంప ముంచుతుంది.

ఒక నవలలో మధు అనే పాత్రని చివర్లో రవిగా మార్చాం. ఫైండ్, రీప్లేస్, ఒక్క నొక్కు. అచ్చయ్యాక తెరిచి చూస్తే తాతగారికి "రవిమేహం" వచ్చింది. "మధురంగా" అన్నచోటల్లా "రవిరంగా". కనీసం ఇవి కంటికి కొడతాయి. విభక్తులు కొట్టవు: "మధుకు" కాస్తా "రవికు", "మధును" కాస్తా "రవిను" అయి కూర్చున్నాయి. ఆ పుస్తకాన్ని ఎంతో శ్రద్ధగా ఎడిట్ చేసిన మనిషి ముఖం చూడలేకపోయాను.

ఎడిటర్ ఇచ్చిన ఫైలుని ముట్టుకోకుండా ఒక కాపీ దాచండి. మార్పులన్నీ ఇంకో కాపీలో, ట్రాక్ ఛేంజెస్ (ఎక్కడేం మారిందో గుర్తు పెట్టి చూపించే సదుపాయం) పెట్టుకుని చేయండి. పేరు మార్చాలంటే "రీప్లేస్ ఆల్" వద్దు, ఒక్కొక్కటీ చూస్తూ మార్చండి. ఆ తర్వాత మారిన పేరాలు మాత్రమైనా ఎడిటర్‌కి మళ్లీ పంపండి. మారిన వాక్యం ఒక్కటే పంపితే చాలదు, దాని ముందూ వెనకా వాక్యాలు కూడా ఉండాలి. పేజీలు కట్టాక మార్చితే విషయసూచికలో పేజీ నంబర్లు కూడా సరిచూడాలి.

పేజీలు కట్టేటప్పుడు ఫైలుని ఇంకో ఫాంట్‌లోకి మార్చితే ఒత్తులు ఊడటం కూడా జరుగుతుంటుంది. పీడీఎఫ్‌లో పేజీలు తిప్పి చూసుకోండి.