మళ్ళీ తెరిచిన ఇటాలియన్ హోటల్‌కి వెళ్తే ఏం చూడాలి

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో మా సందు చివరి ఇటాలియన్ హోటల్ మరమ్మతులయ్యాక మళ్ళీ తెరిచారు. వెళ్ళొచ్చినవాళ్ళు కొందరు లైట్లు అదిరాయంటున్నారు, కొందరు పాత చెక్క కుర్చీలే నయమంటున్నారు. తిండి ఎలా ఉందో మాత్రం ఎవరూ చెప్పరు. నాకు అదే ముఖ్యం.

ముందు మార్గరీటా పిజ్జా చెప్పండి. టమాటా, మోజరెల్లా చీజ్, బేసిల్ ఆకు, అంతే. లోపం దాచడానికి అందులో ఏమీ ఉండదు. రాగానే అంచు ఎత్తి అడుగు చూడండి. అక్కడక్కడా గోధుమరంగు మచ్చలుండాలి. తెల్లగా, మెత్తగా వంగిపోతుంటే సరిగా కాలలేదన్నమాట. ఇటలీలోని నేపుల్స్ పద్ధతిలో కట్టెల పొయ్యి 485 డిగ్రీల దాకా కాగుతుంది, పిజ్జా 60 నుంచి 90 సెకన్లలో అయిపోతుంది. మామూలు కరెంటు ఓవెన్‌కి అంత వేడి రాదు. ఆలస్యమైందని విసుక్కోకండి.

పాస్తా పంటికి కాస్త తగలాలి. మా అత్తకి మెత్తగా ఉంటేనే ఇష్టం, అందుకని ముందే చెప్పేస్తాను. ప్లేటు అడుగున నీళ్ళు తేలితే, సాస్‌లో వేసి తిప్పకుండా పైన పోసి పంపారని అర్థం.

కొత్త టైల్స్, అద్దాల వల్ల మాటలు మోగుతాయి. పెద్దవాళ్ళతో వెళ్తే శనివారం రాత్రి వద్దు.

నచ్చనిది ఓనరుకే చెప్పండి. "బాలేదు" అంటే ఆయనకేం తెలుస్తుంది? "అన్నా, పాస్తా చప్పగా ఉంది, ఉడికించే నీళ్ళలోనే ఉప్పు వేయించండి" అనండి. పాత మెనూలో మీకిష్టమైనది తీసేసుంటే పేరు పెట్టి అడగండి. నేను వెల్లుల్లి రొట్టె అడిగే వచ్చాను.