ఎస్‌ఎల్‌డీ రిపోర్టు రాయడానికి మీ కంప్యూటర్‌ని ఇలా సెట్ చేసుకోండి

నల్గొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు భవిత కేంద్రాల్లోనో (ప్రత్యేక అవసరాల పిల్లలకి సర్కారు నడిపే కేంద్రాలు) చిన్న క్లినిక్‌లలోనో పనిచేసే స్పెషల్ ఎడ్యుకేటర్లు, సైకాలజిస్టులు కలిసినప్పుడల్లా అడిగేది ఒకటే: డిస్‌లెక్సియా లాంటి ఎస్‌ఎల్‌డీ (స్పెసిఫిక్ లెర్నింగ్ డిజేబిలిటీ, అంటే చదవడం, రాయడం, లెక్కల్లో ఉండే ప్రత్యేక ఇబ్బంది) రిపోర్టు రాయడానికి ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి? ఇప్పుడే ఏదీ కొనకండి, ముందు మీ దగ్గరున్న వర్డ్‌నో, ఫ్రీగా దొరికే లిబ్రేఆఫీస్‌నో సరిగ్గా సెట్ చేసుకోండి. బ్రిటన్‌లో శాస్క్ అనే కమిటీ రిపోర్టుకి ఒక ఫార్మాట్ పెట్టింది, అక్కడివాళ్లు ఆ ఫార్మాట్‌కి తగ్గ ప్రోగ్రాంలు వాడుకుంటారు. మనకు నడిచే దారి వేరు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం, వైకల్యాన్ని అంచనా వేయడానికి 2018 జనవరిలో వచ్చిన గైడ్‌లైన్స్, మళ్లీ 2024 మార్చిలో మార్పులు. పిల్లల డాక్టరు చూపు, వినికిడి చూడాలి, ఆ తర్వాత ఐక్యూ, ఆ తర్వాత నిమ్‌హాన్స్ బ్యాటరీ (బెంగళూరు నిమ్‌హాన్స్ సంస్థ తయారుచేసిన పరీక్షల సెట్టు) లాంటి చదువు పరీక్షలు. ఈ వరసకి తగ్గ టెంప్లేట్ మీరే చేసుకుంటే చాలావరకు పని అయిపోతుంది.

అన్నిటికంటే ముందు పేరు సంగతి. పాత రిపోర్టు ఓపెన్ చేసి, సేవ్ యాజ్ కొట్టి, పేరు మార్చుకుంటూ పోవడం చాలామందికి అలవాటు, నాలుగో పేజీలో ఎక్కడో పాత పిల్లాడి పేరు అలాగే ఉండిపోతుంది. సర్టిఫికెట్ ఇచ్చే మెడికల్ బోర్డు డాక్టరు చేతిలో అది పడితే మొత్తం రిపోర్టు మీదే నమ్మకం పోతుంది, పైగా ఇంకో ఇంటి పిల్లాడి విషయం బయటికి పొక్కినట్టే. వర్డ్‌లో ఇన్సర్ట్, క్విక్ పార్ట్స్, డాక్యుమెంట్ ప్రాపర్టీలోకి వెళ్లి సబ్జెక్ట్ అనేదాన్ని పేరు రావాల్సిన ప్రతిచోటా పెట్టండి. ఒకచోట పేరు టైప్ చేస్తే అన్నిచోట్లా అదే మారుతుంది. లిబ్రేఆఫీస్‌లో అయితే ఫీల్డ్స్‌లో వేరియబుల్స్ కింద యూజర్ ఫీల్డ్ ఉంటుంది, విలువ మార్చి ఎఫ్9 నొక్కాలి. స్కూలు పేరుకి, తరగతికి, పరీక్ష తేదీకి కూడా ఇలాగే చేయండి. ఇక మీదట పాత రిపోర్టు మీద కొత్తది రాయకండి, ఖాళీ టెంప్లేట్ నుంచే మొదలుపెట్టండి.

వయసు లెక్క చేత్తో వేయకండి. ఎక్సెల్‌లో డేటెడిఫ్ ఫార్ములాకి పుట్టిన తేదీ, పరీక్ష తేదీ ఇస్తే ఏళ్లు, నెలలు అదే ఇస్తుంది. కానీ జాగ్రత్త, కంప్యూటర్ రీజియన్ అమెరికా మీద ఉంటే 05-06 అని కొట్టింది జూన్ 5 బదులు మే 6 అయిపోతుంది, నెల తేడాతో నార్మ్స్ టేబుల్లో (ఏ వయసుకి ఏ స్కోరు మామూలో చెప్పే పట్టిక) వరస మారిపోవచ్చు. రీజియన్ ఇండియాకి మార్చుకోండి, నెలని అంకెలో కాకుండా పేరుతో కనపడేలా పెట్టుకోండి. ఇంకో మాట, అడ్మిషన్ రిజిస్టర్‌లో జూన్ నెల తేదీ కనిపిస్తే వెంటనే నమ్మకండి, బడిలో చేర్చేటప్పుడు ఉజ్జాయింపుగా వేసింది కావచ్చు, బర్త్ సర్టిఫికెట్ అడగండి, లేకపోతే ఏ పండగ ముందు పుట్టాడని తల్లిని అడగండి.

స్కోర్లకి ఒక చిన్న షీట్ చాలు. ఐక్యూ లాంటి, సగటు 100, ఎస్‌డీ (స్టాండర్డ్ డీవియేషన్, సగటు నుంచి స్కోర్లు ఎంత చెదిరి ఉంటాయో చెప్పే అంకె) 15 ఉండే స్కోర్లకి నార్మ్ డాట్ డిస్ట్ ఫార్ములాలో స్కోరు, 100, 15, ట్రూ ఇచ్చి 100తో గుణిస్తే పర్సంటైల్, అంటే వందమందిలో ఎంతమంది అంతకన్నా తక్కువలో ఉంటారన్నది వస్తుంది. 85 వస్తే సుమారు 16, 70 వస్తే సుమారు 2. మీ షీట్ సరిగ్గా ఉందా లేదా అని ఈ రెండింటితో చూసుకోండి. నిమ్‌హాన్స్ బ్యాటరీకి మాత్రం ఈ ఫార్ములా పెట్టకండి, పిల్లవాడు ఏ తరగతి స్థాయిలో చదువుతున్నాడు, రాస్తున్నాడు, లెక్కలు చేస్తున్నాడు అన్నది అక్కడ చూస్తాం, దానికి వేరే పట్టిక పెట్టుకోండి.

ఆటోటెక్స్ట్ సంగతికొస్తే, ఫలానా పరీక్ష దేనికోసం, ఎలా చేస్తారు అనే వాక్యాలు ప్రతి రిపోర్టులో ఒకటే కాబట్టి వాటికి షార్ట్‌కట్ పెట్టుకోండి. రెండు అక్షరాలు కొట్టి ఎఫ్3 నొక్కితే పేరా మొత్తం పడుతుంది, వర్డ్‌లో అయినా లిబ్రేఆఫీస్‌లో అయినా. గైడ్‌లైన్స్ ప్రస్తావన కూడా అందులోనే ఉంచితే రూల్ మారినప్పుడు ఒక్కచోట దిద్దితే చాలు. మీ ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబరు కూడా సంతకం కింద పడేలా పెట్టేయండి.

పిల్లవాడు ఏం చేశాడో చెప్పే వాక్యాలకి మాత్రం ఎప్పుడూ షార్ట్‌కట్ పెట్టకండి. ఇది నేను గట్టిగా చెప్తాను. ఐదో తరగతి పాప రెండో తరగతి పాఠం చదువుతోంది అనుకోండి. ‘చెట్టు’ దగ్గర ‘చెటు’ అంది, ‘పుస్తకం’ దగ్గర ఆగి, అక్షరం కింద వేలు పెట్టి, ‘పు... స... కం’ అంది. గుణింతాలు విడివిడిగా అడిగితే తడుముకోకుండా చెప్పింది. అంటే అక్షరాలు వచ్చు, వత్తు దగ్గరే చిక్కు. ఈ నాలుగు ముక్కలు రిపోర్టులో ఉంటే టీచరమ్మకి రేపటి పాఠం ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది. ‘చదవడంలో తరగతి స్థాయి కన్నా వెనకబడి ఉంది’ అనే రెడీమేడ్ వాక్యం ఆమెకు తెలిసిందే, అందుకేగా మన దగ్గరికి పంపింది! టెంప్లేట్‌లో ఈ భాగం దగ్గర మూడు ప్రశ్నార్థకాలు పెట్టి ఖాళీగా వదిలేయండి, ప్రింట్ తీసే ముందు ఫైండ్‌లో వాటిని వెతకండి, ఒక్కటి దొరికినా రిపోర్టు పూర్తి కానట్టే.

చాట్‌జీపీటీ లాంటివాటితో రాయించవచ్చా అని కూడా అడుగుతున్నారు. మీరు రాసిన వాక్యాల్లో ఇంగ్లిష్ తప్పులు దిద్దించుకోండి, అదీ పేరు, స్కూలు, ఊరు తీసేశాకే. స్కోర్లు ఇచ్చి పేరా రాయమంటే మీరు చూడని ప్రవర్తనని కూడా చూసినట్టు రాసేస్తుంది. పరీక్షలోని ప్రశ్నలు అందులోనే కాదు, రిపోర్టులో కూడా పెట్టకూడదు.

నేపథ్యం భాగంలో మన ప్రాంతానికి కొన్ని గడులు తప్పనిసరి. ఇంట్లో ఏ భాష? దేవరకొండ వైపు తండా పిల్లాడైతే ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లిష్. మీడియం ఎప్పుడు మారింది? మన సర్కారు బడుల్లో 1 నుంచి 8 తరగతులకు 2022-23లో ఇంగ్లిష్ మీడియం వచ్చింది కాబట్టి ఈ ప్రశ్న దాదాపు ప్రతి పిల్లకీ వర్తిస్తుంది. అమ్మానాన్నలు వలస పోతే వాళ్లతో వెళ్లి ఎన్ని నెలలు బడి పోయింది? పాలమూరులో ఇది అడగకుండా రాసిన రిపోర్టుని నేనైతే నమ్మను. సరైన బోధన అందకపోవడం వల్లో, బోధించే భాష రాకపోవడం వల్లో వచ్చిన ఇబ్బందిని లెర్నింగ్ డిజార్డర్ అనకూడదని 2013 డీఎస్‌ఎం-5 (మానసిక సమస్యల నిర్ధారణకి అమెరికా సైకియాట్రిస్టుల సంఘం వేసిన పుస్తకం) స్పష్టంగా చెప్పింది, సాయం చేస్తున్నా ఆరు నెలలకు తగ్గకుండా ఇబ్బంది ఉండాలనీ చెప్పింది. అందుకే ఇప్పటిదాకా ఏ సాయం చేశారు, ఎంతకాలం అన్నదానికీ ఒక గడి పెట్టండి.

పెద్ద రిపోర్టు ఇంగ్లిష్‌లోనే ఉంటుంది, తల్లిదండ్రులకి మాత్రం తెలుగులో ఒక పేజీ తప్పకుండా ఇవ్వండి. ఇంగ్లిష్‌లో అయితే హీ, షీ మార్చుకుంటే సరిపోతుంది, తెలుగులో ‘చదివాడు’, ‘చదివింది’ అని క్రియలన్నీ మారతాయి, ఫైండ్ రీప్లేస్‌తో తెమలదు. బాబుకొకటి, పాపకొకటి రెండు టెంప్లేట్లు పెట్టుకోండి. యూనికోడ్‌లోనే టైప్ చేయండి, నిర్మలా యూఐ గానీ నోటో సాన్స్ తెలుగు గానీ, సైజు 14. యూనికోడ్ కాని అను ఫాంట్‌లో కొట్టింది ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో పిచ్చి గీతలుగా కనపడుతుంది. జిరాక్స్ సెంటర్‌కి వర్డ్ ఫైల్ పంపకండి, పీడీఎఫ్ చేసి పంపండి, లేకపోతే వత్తులు చెదిరిపోతాయి. వత్తులు చదవలేని పాప రిపోర్టులో వత్తులే చెదిరితే ఎలా?

మీ రిపోర్టు సర్టిఫికెట్ కాదు, సర్టిఫికెట్ ఇచ్చేది ప్రభుత్వ ఆసుపత్రి మెడికల్ బోర్డు, ఈ మాట తెలుగు పేజీలో మొదటి పేరాలోనే రాయండి. పరీక్షల్లో గంటకు 20 నిమిషాల అదనపు సమయం లాంటివి ఆ సర్టిఫికెట్ ఆధారంగానే అడగాలి. ఫైల్‌కి పాస్‌వర్డ్ పెట్టండి, పాస్‌వర్డ్‌ని అదే వాట్సాప్ మెసేజ్‌లో పంపకుండా ఫోన్ చేసి చెప్పండి, టీచర్ల గ్రూపులో మాత్రం ఎవరడిగినా పెట్టకండి. స్కూలుకి కాపీ కావాలంటే తల్లిదండ్రుల సంతకం తీసుకుని ఇవ్వండి.